బట్టీ కాసిన మనిషి ముక్క

మదనపల్లెలో మా ఇంటి పెరట్లో, కరివేపాకు చెట్టు పక్కన, నీలం పట్టా కప్పిన గ్యాస్ గ్రిల్ ఒకటి ఉంది. మూడు బర్నర్లు, పైన మూత, పక్కన పళ్ళెం పెట్టుకోవడానికి రెక్క, కింద చక్రాలు. దాని మీద మాంసం కాల్చడం నాకు చేతకాక కాదు. కళ్ళు మూసుకుని కాల్చగలను. కాల్చను, అంతే. ఇంటికొచ్చినవాళ్ళు పట్టా ఎత్తి చూసి, "ఇంత మంచిది పెట్టుకోని యాల సిస్టరమ్మా ఆ బొగ్గులతో అవస్థ?" అంటారు. అవస్థ నాది, బొగ్గులు నావి, పళ్ళెంలో ముక్క మీది, నోరు మూసుకుని తినండి అంటాను. తింటారు. రెండోసారి అడిగి వేయించుకుని మరీ తింటారు.

ముప్పై ఏళ్ళకు పైగా మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, పోయిన సంవత్సరం రిటైరయ్యాను. నాకు నోరు పెద్దదని పేరు. పేరేమిటి, నిజమే. నా గొంతు వినబడితే వార్డులో పేషెంటు మంచం మీద కూర్చుని టిఫిను తినే చుట్టాలు గబగబా లేచి బయటికి పోయేవాళ్ళు. ఒక్క మా తమ్ముడి దగ్గర మాత్రం ఆ నోరు కాస్త తగ్గించేదాన్ని. ఒక్కడే తమ్ముడు. నాకంటే నాలుగాకులు ఎక్కువ చదివాడు, కుప్పంలో ప్రభుత్వ ఆఫీసులో పెద్ద కుర్చీలో ఉన్నాడు. ఆ గ్రిల్లు తెచ్చింది వాడే.

అది ఎందుకు తెచ్చాడో చెప్పాలంటే ముందు మేమెవరమో చెప్పాలి.

మా నాయనా, అమ్మా బొగ్గులు కాల్చేవాళ్ళు. పుంగనూరుకూ పెద్దపంజాణికీ మధ్య బీడు భూముల్లో సీమతుమ్మ కంప కొట్టి, మొద్దులు పుట్టలాగా పేర్చి, పైన ఆకూ గడ్డీ కప్పి, ఎర్రమట్టి మెత్తి, లోపల నిప్పు పెట్టేవాళ్ళు. అదే బొగ్గుల బట్టీ. నాలుగైదు రోజులు లోలోపలే కాలాలి, మంట లేవకూడదు. ఎక్కడైనా మట్టి పగిలి గాలి దూరిందా, మొద్దులన్నీ బూడిదే. అందుకని ఒక మనిషి తట్టలో తడిమట్టి పెట్టుకుని, పగుళ్ళు మెత్తుతూ దాని చుట్టూ తిరుగుతూనే ఉండాలి. దాన్ని బట్టీ కాయడం అంటారు. మా ఇంట్లో కాసేది అమ్మ. నాయన కంప కొట్టేవాడు, మూటలు మోసేవాడు, కాపలా మాత్రం అమ్మదే. పొగ తెల్లగా వస్తుంటే లోపల ఇంకా పచ్చి ఉందనీ, నీలంగా తిరిగితే మూసెయ్యాలనీ ఆ రంగు చూసే చెప్పేది.

బట్టీ తీసిన రోజు మాకు పండగ. మిగిలిన నిప్పుల మీద, ఉప్పూ కారం రాసిన మేక కార్జం పుల్లకు గుచ్చి కాల్చేవాళ్ళు. ఆ పని చేసే ఇళ్ళన్నిటిలోనూ ఒక పద్ధతి ఉండేది: మొదటి ముక్క బట్టీ కాసిన మనిషిది. మేస్త్రీ వచ్చి నిలబడినా సరే, అది ఆ మనిషిదే. నాయన మొదటి పుల్ల అమ్మ చేతికి ఇచ్చేవాడు. అమ్మ ఆ ముక్కను ఊది, రెండుగా చీల్చి, సగం నా నోట్లో, సగం తమ్ముడి నోట్లో పెట్టేది. ప్రతిసారీ అంతే. అది అమ్మ ముక్క అని నాకు తెలుసు. తెలిసీ నోరు తెరిచేదాన్ని.

ఆ బొగ్గులు టీ అంగళ్ళకూ ఇస్త్రీ బండ్లకూ పోయేవి. నేను ట్రైనింగుకని మదనపల్లె వచ్చినప్పుడు నా తెల్ల యూనిఫాం ఇస్త్రీ అయింది కూడా తుమ్మబొగ్గులతోనే. మడత విప్పి వేసుకుంటే ఒక్కోసారి ఆ వాసన సన్నగా వచ్చేది. నాకు ఇల్లు గుర్తొచ్చి హాయిగా ఉండేది.

తమ్ముడికి అవే బొగ్గులు వేరేగా గుర్తున్నాయి. పుంగనూరు హైస్కూల్లో వాణ్ణి "బొగ్గోడా" అని పిలిచేవాళ్ళు. మాస్టర్లు కూడా పిలిచేవాళ్ళు. అరచేతి గీతల్లో దిగిన నలుపు పోవాలని వాడు కొబ్బరిపీచు పెట్టి రుద్ది రుద్ది తోలు లేపుకునేవాడు. ఇప్పటికీ ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇచ్చే ముందు అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటాడు. తుడుచుకుంటున్నట్టు వాడికి తెలియదు. నేను చూస్తాను.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఎనభై దాటింది. ఒక కంటికి చూపు సగమే, మోకాళ్ళు మొరాయిస్తాయి, చెవులు మాత్రం పాము చెవులు. నేను రిటైరైన నెలలో మా ఇంటి ముందు షామియానా వేయించి కృతజ్ఞత కూడిక పెట్టుకోవాలనుకున్నాను. ప్రార్థన, పాటలు, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యం, తర్వాత అందరికీ భోజనం. ఆ మాట అనగానే అమ్మ, "మాంసమూ కార్జమూ నేనే కాలుస్తా" అంది.

"వంటోళ్ళు వస్తారు లేమ్మా, నువ్వు యాడ కూచుంటావు అంతసేపు?"

"వంటోళ్ళు అన్నం వండనీలే. కాల్చేది నేను. నువ్వు అన్నేండ్లు పనిచేసి ఇంటికొస్తాండావు. నీకియ్యడానికి నా దగ్గర ఇంకేముండాది చెప్పు?"

ఆమె చెప్పింది నిజం. ఆమె దగ్గర ఉన్న పని అదొక్కటే, దాన్ని నాకు ఇస్తానంది.

మదనపల్లెలో దొరికే బొగ్గులు ఆమెకు నచ్చలేదు. ఇద్దరం బస్సెక్కి పుంగనూరు పోయాం. అక్కడ బొగ్గులమ్మే ఆమె మూటలు విప్పి పోస్తే, మా అమ్మ నేల మీద కూర్చుని, రెండేసి ముక్కలు తీసుకుని, చెవి దగ్గర పెట్టి ఒకదానికొకటి కొట్టి చూడసాగింది. బాగా కాలిన బొగ్గు ఖంగుమని మోగుతుంది. సగం కాలింది మొద్దుగా చప్పుడు చేస్తుంది, నిప్పులో వేస్తే పొగ కక్కుతుంది. మోగినవి ఒక పక్క, మోగనివి ఒక పక్క. గంటన్నర పట్టింది. బొగ్గులామె నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏందవ్వా, టమోటాలు ఏరినట్ల ఏరతాండావు?" అంది.

"టమోటా మెత్తగుంటే పచ్చడి చేస్కోవచ్చు మే. మెత్త బొగ్గు యాడికి పనికొస్తాది?" అని అమ్మ తల కూడా ఎత్తలేదు.

రెండు మూటలు తెచ్చుకున్నాం. బస్సులో కండక్టరు మొహం చిట్లిస్తే అతనితో ఒక మోస్తరు యుద్ధం చేశాను. ఇల్లు చేరాక అమ్మ ఆ మూటల్ని పెరటి గోడ మూల పెట్టించి, మంచు పడకుండా గోనె కప్పింది. నాలుగు రోజులు వాటిని రోజుకు రెండుసార్లు పోయి చూసుకుంది.

కూడిక శనివారం. గురువారం పొద్దున తమ్ముడు కుప్పం నుంచి వ్యానులో గ్రిల్లు తెచ్చి దించాడు. అంతకుముందు ఫోనులో రెండు బర్నర్లదా, మూడు బర్నర్లదా అని అడిగాడు. రెండూ వద్దన్నాను. వద్దన్నందుకు మూడుది తెచ్చాడు.

"చూడక్కా, మూత మీదే వేడి చూపించే ముల్లుండాది. పది నిమిషాల్లో రెడీ. పొగ లేదు, మసి లేదు. మొత్తం నా ఖర్చు, నీ రిటైర్మెంట్ గిఫ్టు."

"బాగుండాదప్పా. నీళ్ళు కాచుకుంటా. మాంసానికి బొగ్గులు తెచ్చినాం."

"యాలక్కా నీకీ మొండి? నువ్వు నర్సువు. నాయన ఎట్ల పోయినాడో నీకు నేను చెప్పాల్నా?"

ఆ దెబ్బ తగిలింది. మా నాయన దగ్గి దగ్గి పోయాడు. ఆఖరి నెలలో రెండు మాటలు మాట్లాడి మూడోదానికి ఊపిరి అందక ఆగిపోయేవాడు. వార్డులో అట్లాంటి ఛాతీలు ఎన్ని చూశానో. పొగ మంచిదని నేను ఎవరికీ చెప్పను, తమ్ముడికీ చెప్పలేదు.

"పొగ సంగతి ఒప్పుకున్నా నాయనా. అమ్మను గాలికి ఇవతల పక్క కూచోబెడతా. ముక్కుకు గుడ్డ కడతా. మోగే బొగ్గులే, పొగ రాదు. ఇంతేనా, ఇంకేమన్నా ఉండాదా నీ మనసులో?"

కాసేపు గ్రిల్లు చక్రాన్ని కాలితో అటూ ఇటూ కదిలించాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు.

"డాక్టర్లు వస్తారు. మా ఆఫీసోళ్ళు రెండు కార్లలో వస్తాండారు, మా సార్ కూడా. వాళ్ళందరి ముందర మాయమ్మ నేల మీద కూచోని బొగ్గులు ఊదాల్నా? ఆ పేరు కడుక్కోడానికి నాకు ఎన్నేండ్లు పట్టిందో నీకు తెలుసు. ఆమెకు పట్టుచీర కట్టి ముందు వరసలో కుర్చీ వేద్దాం. రాజుకు తల్లి మాదిరి కూచోనీ."

అమ్మ వరండాలో తెల్లగడ్డలు ఒలుస్తోంది. పాము చెవులన్నాను కదా. చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఒలవడం మొదలుపెట్టాయి.

"నాకోసరం కొట్లాడొద్దండి. వాడు చెప్పినట్లే కానీలే. కుర్చీ యాడేస్తారో చెప్తే కూచుంటా."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద మండింది, అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఆమె మీద కూడా మండింది. వాడికి అన్నం పెట్టాను, పెరుగు వేశాను, ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడలేదంటే అది మంచి సూచన కాదని మా ఇంట్లో కుక్కకు కూడా తెలుసు.

శుక్రవారం నేను చర్చికి పోయి కుర్చీల సంగతి మాట్లాడి వచ్చేసరికి పెరటి మూల ఖాళీగా ఉంది. గోనె మడతపెట్టి గోడ మీద ఉంది. మూటలు లేవు.

"యాడ పెట్టినావు?"

"వీధి చివర ఇస్త్రీ ఆయనకు ఇచ్చేసినా. పారెయ్యలేదక్కా, ఆయనకు పనికొస్తాయి గదా" అన్నాడు, ఏదో పుణ్యం చేసినవాడిలాగా.

నేను అరిచిన అరుపులకు పక్కింటివాళ్ళు టీవీ సౌండు తగ్గించారు. "నీ చేతులు కడుక్కున్నావు, మంచిది, ఆమె చెయ్యి యాల నరకతాండావురా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయదగ్గవి కాదు. అప్పటికప్పుడే పోయి మూటలు తెచ్చేదాన్నే. అమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"దేవుని కూడిక ముందర ఇంట్లో గలాటా వద్దు. నాకేం తక్కువైంది, కుర్చీలో కూచుంటే?"

తక్కువైందని ఆమె చెయ్యే చెబుతోంది. నా మణికట్టు వదలగానే పోయి, ఆ ఖాళీ గోనెను విప్పి మళ్ళీ మడత పెట్టింది.

శనివారం షామియానా నిండిపోయింది. తమ్ముడు పెరట్లో నడుముకు తువ్వాలు చుట్టుకుని గ్రిల్లు ముందు నిలబడ్డాడు. అబద్ధమాడను, వాడు చక్కగానే కాల్చాడు. మాంసం మాడలేదు, పచ్చిగా లేదు. మూత ఎత్తినప్పుడల్లా వచ్చిన వాసనకు జనం వెనక్కి తిరిగి చూశారు. గ్యాస్ మీద నాకు పగ లేదు. ఇరవై నాలుగు గంటలూ వంటింట్లో దానితోనే కదా బతుకు.

అమ్మ ముందు వరసలో వంకాయ రంగు పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఒళ్ళో చేతులు రెండూ బోర్లించి పెట్టుకుంది. ఆపరేషనుకు పిలుపు కోసం బెంచీ మీద కూర్చున్నవాళ్ళు అట్లా కూర్చుంటారు. వచ్చినవాళ్ళంతా వంగి, "బాగుండావా అవ్వా" అని పలకరించి పోతున్నారు. ఆమె తల ఊపుతోంది. కాలిన మాంసం వాసన వచ్చినప్పుడు మాత్రం ముక్కు కొంచెం పైకెత్తి, మళ్ళీ దించుకుంటోంది.

పాటలయ్యాయి. బైబిలు వాక్యం అయింది. పాస్టరు గారు, "ఇప్పుడు సిస్టరమ్మ సాక్ష్యం చెబుతారు" అన్నారు. నా చేతిలో కాగితం ఉంది. ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాలో రాసుకున్నాను, సూపరింటెండెంటు గారితో మొదలుపెట్టి. మైకు పట్టుకున్నాక అమ్మ చేతులు కనబడ్డాయి. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను.

"నేను బొగ్గులోళ్ళ బిడ్డను" అన్నాను. "ఈడ శానా మందికి తెలీదు, నేనూ ఎప్పుడూ చెప్పలేదు. అది నా తప్పు. మీరందరూ చూసిన నా తెల్ల యూనిఫాం తుమ్మబొగ్గులతో ఇస్త్రీ అయ్యింది. ఆ బొగ్గులు కాల్చి, అమ్మి, మా ఇద్దర్నీ చదివించింది ఇదో, ఈ ముందర కుర్చీలో కూచున్న మాయమ్మ. నేను దేవునికి స్తోత్రం చెప్పాలంటే ఆ బట్టీ కాడ్నించే మొదలుపెట్టాల. ఈ పొద్దు ఆమె నాకిస్తానన్నది ఒకటే, ఆమె చేత్తో కాల్చిన ముక్క. అది లేకుండా నా కూడిక ముగియదు. భోజనం కొంచెం ఆలస్యమైతాది, ఓపిక పట్టండి."

వెనక వరసలో, నాతో పాతికేళ్ళు పనిచేసిన ఆయా ఒక్కతే గట్టిగా "ఆమేన్!" అంది. పాస్టరు గారు ప్రార్థన చెయ్యాలో వద్దో తెలియక కళ్ళు సగం మూసి ఆగిపోయారు. తమ్ముడు పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అరచెయ్యి తువ్వాలుకు తుడుచుకుంటున్నాడు. వాణ్ణి చూసి నాకు జాలి కలిగింది, కానీ ఆగలేదు. మైకు పాస్టరు గారి చేతిలో పెట్టి, పట్టుచీరతోనే వీధి చివర దాకా నడిచాను.

ఇస్త్రీ ఆయన నన్ను చూసి పెట్టె పక్కన పెట్టాడు.

"వస్తావని తెలుసు సిస్టరమ్మా. రెండు ముక్కలు తీస్తానే తెలిసిపొయ్యింది, ఇవి ఏరిన బొగ్గులు. ఇట్లాంటివి ఎవరన్నా ఉత్తనే ఇస్తారా? మళ్ళా ముడేసి అట్లనే పెట్టినా."

ఒక మూట తానే భుజానికెత్తుకుని నా వెనకే వచ్చాడు. షామియానా మధ్య దారిలోంచి, డాక్టర్ల పక్కనుంచి, కుప్పం ఆఫీసర్ల పక్కనుంచి ఆ నల్లటి మూట పోయింది. నేను కావాలనే అటు నుంచి తీసుకుపోయాను. పెరటి దారి ఉంది, తెలిసే వదిలేశాను.

అమ్మ కుర్చీ ముందు నిలబడి, "లేమ్మా" అన్నాను.

ఆమె కొడుకు వైపు చూసింది. "వాడు..."

"వాణ్ణి నేను చూసుకుంటా. నువ్వు లే."

లేచింది. నడవడం మొదలుపెట్టాక నా చెయ్యి వదిలేసింది. పట్టుచీర కొంగు తీసి నడుముకు దోపింది. మూడు వైపులా ఇటుకలు పేర్చి, పైన ఇనుప జల్లెడ పెట్టించి, బొగ్గులు తన చేత్తోనే ఒక్కొక్కటీ సర్దింది. ముక్కుకు నేను గుడ్డ కట్టాను. "ఊపిరాడదు మే" అని తిట్టింది, అయినా ఉంచుకుంది. జనం కుర్చీలు ఎత్తుకుని పెరట్లోకి వచ్చేశారు. ఒక చిన్న డాక్టరమ్మ ఆమె పక్కనే నేల మీద కూర్చుని, ఇది ఏ కట్టె బొగ్గు అవ్వా అని అడిగితే, కంప కొట్టేకాడ మొదలుపెట్టి పొగ రంగుల దాకా మొత్తం చెప్పింది. అంతసేపు అమ్మ మాట్లాడడం నేను ఆ ఏడాదిలో వినలేదు. అందరూ మెచ్చుకున్నారని చెప్పను. సంఘపెద్ద ఒకాయన, "సాక్ష్యంలో దేవుడికంటే బొగ్గులెక్కువైనాయి" అని గొణిగి, గ్యాస్ మీద కాల్చిన ముక్కలు నాలుగు తిని వెళ్ళిపోయాడు. పొమ్మన్నాను.

మధ్యలో అమ్మ రెండుసార్లు దగ్గింది. మొదటి దగ్గుకే తమ్ముడు నీళ్ళ గ్లాసుతో వచ్చాడు. నా మొహం చూడలేదు. ఆమెకు తాగించి, పక్కనే నిలబడ్డాడు.

గ్రిల్లెక్కకుండా మిగిలిన కార్జంలో మొదటి పుల్ల అయింది. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా. తమ్ముడు పళ్ళెం ముందుకు పట్టుకున్నాడు. వెనక వాళ్ళ సార్ కుర్చీలో ఎదురుచూస్తున్నాడు.

"అమ్మా, మొదటిది సార్‌కు ఇయ్యి. ఆయన దూరం పోవాల."

అమ్మ ముక్కుకు కట్టిన గుడ్డ కిందికి లాగింది. "మొదటి ముక్క ఎవరిదిరా?" అంది.

వాడు పళ్ళెం కొంచెం దించాడు. వాడికి తెలుసు. అమ్మ పుల్ల నుంచి ముక్క తీసి, రెండు వేళ్ళతో పట్టుకుని, ఊదింది. అప్పుడు నాకు తెలియకుండానే నేను నోరు తెరిచాను. అరవై దగ్గరపడ్డ మనిషిని, ఇందరి ముందు. పక్కకు చూస్తే తమ్ముడి నోరు కూడా కొంచెం తెరుచుకుని ఉంది.

అమ్మ మా ఇద్దరినీ చూసింది.

"చాలు పొండి. ఇన్నేండ్లు మీరే తింటిరి. బట్టీ కాసింది నేను."

అని ఆ ముక్క తన నోట్లో పెట్టుకుంది. ఉన్న నాలుగు పళ్ళతో, తొందర లేకుండా నమిలింది. ఆమె ఆ ముక్క తినడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడడం అదే మొదలు. తమ్ముడు ఖాళీ పళ్ళెం పట్టుకుని, ఆమె నమలడం అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు. వాళ్ళ సార్ కూడా ఆగాడు. మింగాక అమ్మ నాలుకతో పెదవి తుడుచుకుని, వాడి వైపు తిరిగింది.

"ఉప్పు సాల్లేదు" అంది. "పో, తీస్కరా."